పదిహేను నిమిషాల్లో పరిశోధన: ఏం చెప్పాలి, ఏం వదిలేయాలి

విశ్వవిద్యాలయాల సెమినార్లకు వెళ్లేవాళ్లకు ఇది తెలిసిన తంతే. ప్రారంభ సభ పదింటికని ఆహ్వానపత్రంలో ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ముఖ్య అతిథి ప్రసంగం అయ్యేసరికి పన్నెండు దాటుతుంది. భోజనాల తర్వాత పత్ర సమర్పణలు మొదలవుతాయి. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలన్నది కాస్తా ఎనిమిదికి పడిపోతుంది. "టైమ్ లేదు, కంక్లూడ్ చేసేయమ్మా" అంటారు అధ్యక్షులు. ఆ అమ్మాయి అప్పటికి ఇంకా పూర్వ పరిశోధనల సమీక్ష దగ్గరే ఉంది. మూడేళ్లు ఊళ్లు పట్టుకు తిరిగి తను కనిపెట్టిన సంగతేమో ఇరవై రెండో స్లైడ్‌లో ఉంది. అక్కడిదాకా వెళ్లకుండానే "థాంక్యూ" స్లైడ్ వచ్చేస్తుంది, సర్టిఫికెట్ చేతికొస్తుంది.

నిర్వాహకుల తప్పు ఉంది, కాదనలేం. కానీ పదిహేను నిమిషాలూ పూర్తిగా ఇచ్చిన చోట కూడా జరిగేది ఇదే. ఎందుకంటే ఆ స్లైడ్లలో ఉన్నది ప్రసంగం కాదు, సిద్ధాంత గ్రంథపు విషయసూచిక. ఉపోద్ఘాతం, లక్ష్యాలు, పూర్వ పరిశోధన, పద్ధతి, విశ్లేషణ, ఫలితాలు, సూచనలు. గ్రంథానికి ఆ వరస బాగానే ఉంటుంది. చదివేవాళ్లు విసుగొస్తే నేరుగా చివరి అధ్యాయానికి పోతారు, అర్థం కాకపోతే రెండు పేజీలు వెనక్కి తిప్పుతారు, టీ తాగొచ్చి మళ్లీ మొదలుపెడతారు. వినేవాళ్లకు ఈ వెసులుబాటు ఒక్కటీ లేదు. మీరు ఏది ఎప్పుడు చెబితే అది అప్పుడే పట్టుకోవాలి. ఒక వాక్యం జారిపోతే జారిపోయినట్టే. పరిశోధన ప్రసంగాల్లో మనం చూసే ఇబ్బందులు చాలావరకు ఇక్కడే పుడుతున్నాయి: చదవడానికి రాసుకున్నదాన్ని అలాగే వినిపించబోతున్నాం.

పోనీ ఇది ఎప్పుడో ఒకసారి ఎదురయ్యే పనా అంటే అదీ కాదు. పీహెచ్‌డీ స్కాలర్ గ్రంథం సమర్పించేలోపు సదస్సుల్లో రెండు పత్రాలు చదవాలని యూజీసీ 2016 నిబంధనల్లో ఉండేది. 2022 నిబంధనల్లో ఆ షరతు తీసేశారు. చాలామంది ఊపిరి పీల్చుకున్నారు గానీ, మాట్లాడాల్సిన సందర్భాలు పెద్దగా తగ్గలేదు. ప్రతి సెమిస్టర్‌లోనూ పరిశోధన సలహా సంఘం ముందు నిలబడి పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. గ్రంథం ఇచ్చేముందు అధ్యాపకులూ తోటి స్కాలర్లూ వచ్చి కూర్చునే ప్రీ సబ్మిషన్ ప్రసంగం ఉంటుంది. ఆఖరున వైవా, దానికీ తలుపులు తెరిచే ఉంటాయి. బీటెక్, ఎమ్మెస్సీ పిల్లల ప్రాజెక్ట్ రివ్యూలు వీటికి అదనం. ఇన్నిసార్లు మాట్లాడాల్సిన చదువులో ఎలా మాట్లాడాలో నేర్పే పీరియడ్ మాత్రం చాలా చోట్ల లేదు. సీనియర్‌ని అడిగి పాత పీపీటీ తెచ్చుకోవడం, పేరూ టైటిలూ మార్చుకోవడం, అదే వరసలో నింపుకుంటూ పోవడం, మనకున్న శిక్షణ అంతే.

వదిలేయడమే అసలు ప్రణాళిక

1900 ఆగస్టులో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభలో జర్మన్ గణితవేత్త డేవిడ్ హిల్బర్ట్ ప్రసంగించారు. కొత్త శతాబ్దంలో గణితం తేల్చాల్సిన చిక్కుముడులంటూ ఆయన సిద్ధం చేసుకున్న జాబితాలో 23 సమస్యలున్నాయి. వేదిక మీద చెప్పినవి పదే. మిగతా పదమూడూ అచ్చులో చదువుకున్నారు. ఆ తర్వాత నూరేళ్లపాటు గణిత పరిశోధన నడకను మార్చిన జాబితా అది. అందులో సగానికి పైగా వేదిక మీద చెప్పకుండా దిగిపోవడానికి ఆయనకేమీ మొహమాటం అనిపించలేదు.

మనకు ఎందుకనిపిస్తుంది? వదిలేస్తే పని చేయలేదనుకుంటారేమోనన్న భయం. దానికి తోడు గైడ్ "అది కూడా ఒక స్లైడ్ పెట్టమ్మా, ఎక్స్‌టర్నల్ అడుగుతారు" అంటారు. ఆ భయంలో నిజం లేకపోలేదు, కమిటీల ముందు లెక్క అప్పజెప్పాల్సిందే. కానీ చేసిన పని మొత్తానికి రుజువు సభ్యుల చేతిలో సినాప్సిస్ రూపంలోనో గ్రంథం రూపంలోనో ఉంటుంది. ప్రసంగం నుంచి వాళ్లు కోరేది వేరు. ఈ పరిశోధకురాలికి తన పనిలో ముఖ్యమైనదేదో, కానిదేదో తెలుసా? అది చూస్తారు. ముప్పై ఐదు స్లైడ్లు తెచ్చిందంటే తెలియదనే అర్థం.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో ఒక పోటీ పెట్టింది. పీహెచ్‌డీ పరిశోధన మొత్తాన్ని మూడు నిమిషాల్లో, ఒకే ఒక్క స్లైడ్‌తో, ఆ రంగం తెలియనివాళ్లకు చెప్పాలి. ఆ స్లైడ్‌లో కదిలే బొమ్మలు ఉండకూడదు. ఇప్పుడది చాలా దేశాల్లో జరుగుతోంది. మీరు పోటీకి వెళ్లకపోయినా ఈ కసరత్తు ఒకసారి చేసి చూడండి. మూడు నిమిషాల్లో చెప్పలేకపోతే లోపం నిమిషాల్లో ఉండదు, చెప్పాల్సిన ముఖ్యమైన మాట ఏదో మనకింకా తేలలేదన్నమాట.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ సమస్య మన దగ్గర తెలియనివాళ్లు లేరు. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను కిందికి దింపే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తయారుచేశారు. దానికి ప్రపంచమంతటా నల్గొండ టెక్నిక్ అనే పేరు. ఈ తరహా ప్లాంట్లు ఊళ్లలో ఎందుకు మూలపడ్డాయన్న దాని మీద ఒక స్కాలర్ పనిచేసిందనుకుందాం. నలభై ఊళ్లు తిరిగింది, నీళ్లు పరీక్షించింది, నాలుగువందల ఇళ్లలో ప్రశ్నావళి నింపింది, పంచాయతీ రికార్డులు చూసింది. అంకెలన్నీ నేను కల్పించినవే.

ఆమె ముందు రెండు దారులున్నాయి. ఒకటి: "నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ నివారణ ప్లాంట్ల పనితీరు, ఒక అధ్యయనం" అని మొదలుపెట్టి చేసిన పనులన్నీ వరసగా చెప్పుకుపోవడం. రెండు: "ఈ ప్లాంట్లు మూతపడింది మందు పనిచేయక కాదు, రోజూ మందు కలిపే మనిషికి జీతం ఆగిపోయి" అన్న ఒక్క వాక్యం రాసుకుని, దాన్ని నమ్మించడానికి కావలసినవే చెప్పడం. రెండో దారిలో నీటి రసాయన విశ్లేషణ మొత్తం ఒక్క గ్రాఫ్‌కు కుదించుకుపోతుంది: నడిచిన రోజుల్లో ప్లాంటు నుంచి వచ్చిన నీళ్లు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల పరిమితికి లోపలే ఉన్నాయి, అంటే మందు పనిచేసింది. ప్రశ్నావళిలోని కుల, వయసు, ఆదాయ పట్టికలు పక్కకు పోతాయి. జీతాల రికార్డూ ప్లాంట్లు ఆగిన తేదీలూ పక్కపక్కన పెట్టిన బొమ్మ ముందుకొస్తుంది. ఆరు నెలలు కూర్చుని వేసిన పట్టికలు తీసేయాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. తీసేయాలి.

ఆ వాక్యం రాయడానికి ఒక గుర్తు చెబుతాను. అందులో క్రియ ఉండాలి, దాన్ని కాదనగలిగే మనిషి ఒకరైనా ఉండాలి. "ప్లాంట్ల పనితీరును పరిశీలించడమైనది" అంటే ఎవరూ కాదనరు, ఎవరికీ గుర్తూ ఉండదు. సాహిత్య పరిశోధనకూ ఇదే లెక్క. ఫలానా కవి కావ్యాల్లో ప్రకృతి వర్ణన అన్నది అంశం మాత్రమే. ఆ వర్ణనలు కరువు ఏళ్ల తర్వాత రంగు మారాయంటే అది వాదన అవుతుంది, కూర్చున్నవాళ్లు వెన్ను నిటారుగా పెడతారు.

వినేవాళ్ల తలలో ఏముంది

1990లో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక సరదా ప్రయోగం చేశారు. అందరికీ తెలిసిన పాటను కొందరు బల్ల మీద వేళ్లతో దరువు వేయాలి, ఎదుటివాళ్లు అదేం పాటో చెప్పాలి. సగంమంది కనిపెట్టేస్తారని దరువు వేసినవాళ్ల అంచనా. 120 పాటల్లో ఎదుటివాళ్లు పట్టుకున్నవి మూడు. వేసేవాళ్ల తలలో పాట మొత్తం మోగుతోంది. వినేవాళ్లకు టకటక తప్ప ఏమీ లేదు.

మూడేళ్లుగా ఒకే అంశంతో బతుకుతున్న స్కాలర్ పరిస్థితి సరిగ్గా ఇదే. సంక్షిప్త పదాలు, ప్రాంతాల పేర్లు, గ్రాఫ్‌లో అడ్డగీత దేన్ని సూచిస్తుందన్నది, అన్నీ తనకు ఎంత సహజమైపోయాయంటే వాటిని చెప్పాలని కూడా తోచదు. దీనికి నాకు తెలిసిన మంచి మందు, మీ విభాగం కాని స్నేహితుణ్ణి ఒకరిని కూర్చోబెట్టి చెప్పడం. కెమిస్ట్రీ వాళ్లు హిస్టరీ వాళ్లకు, హిస్టరీ వాళ్లు కెమిస్ట్రీ వాళ్లకు. అయ్యాక "బాగుందా" అని అడక్కండి, బాగుందనే అంటారు. "నేనేం కనిపెట్టానో నీ మాటల్లో చెప్పు" అనండి. ఆ జవాబు వింటే ఏది అందిందో ఏది అందలేదో తెలిసిపోతుంది. కొంచెం గర్వభంగం అవుతుంది, పర్లేదు.

గడియారంతో ఒప్పందం

పదిహేను నిమిషాలిస్తే పన్నెండుకు సిద్ధం కావాలి. మైకు సర్దుకోవడం, ఫైల్ తెరుచుకోకపోవడం, చప్పట్లు, ఇవి తినేసే సమయం ఎప్పుడూ మన ఖాతాలోంచే పోతుంది. ఇంగ్లిష్ పుస్తకాల్లో నిమిషానికి 120 నుంచి 150 మాటలని లెక్క ఇస్తారు. తెలుగులో విభక్తీ క్రియా అన్నీ ఒకే మాటకు అతుక్కుని ఉంటాయి కాబట్టి మాటలు తక్కువ, పొడవు ఎక్కువ. ఆ లెక్క మనకు కుదరదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, గదిలో లేచి నిలబడి, బయటికి వినపడేలా చెప్పి చూసుకోవడమే దారి. మనసులో చదువుకుంటే పన్నెండు నిమిషాల ప్రసంగం ఏడు నిమిషాల్లో అయిపోయినట్టనిపిస్తుంది. అది ఉత్త భ్రమ.

మొదటి నిమిషంలో సమస్య, రెండో నిమిషం ముగిసేలోపు మీరు కనిపెట్టింది చెప్పేయండి. ఫలితాన్ని చివరిదాకా దాచడం కథలకు బాగుంటుంది. ఇక్కడ దాచితే ఎనిమిది నిమిషాలకు బెల్ కొట్టినప్పుడు అది దాగే ఉంటుంది. ముందే చెప్పేస్తే ఎక్కడ ఆపినా నష్టం తక్కువ. పద్ధతికి రెండు నిమిషాలు చాలు, మీ కొత్తదనం పద్ధతిలోనే ఉంటే తప్ప. నడిమి ఆరేడు నిమిషాలు సాక్ష్యానికి. పూర్వ పరిశోధనల సమీక్ష అనే విడి స్లైడే అక్కర్లేదని నా అభిప్రాయం. నలుగురి పేర్లు, ఏళ్లు బులెట్లుగా పెడితే అది ఎవరి చెవికీ ఎక్కదు. "ఇప్పటిదాకా వచ్చిన పరిశోధన మందు మీద నడిచింది, మనిషి మీద నడవలేదు" అని మొదటి నిమిషంలోనే ఒక్క మాట అంటే సమీక్ష సారం అందులోనే ఉంది.

ఇక సంబోధనలు. "వేదికనలంకరించిన పెద్దలకు" అని మొదలుపెట్టి పేరుపేరునా నమస్కరించి, తన పేరు, ఊరు, గైడ్ పేరు, అధ్యక్షులు అప్పుడే చదివిన పత్రం శీర్షిక మళ్లీ చదివేసరికి ఒకటిన్నర నిమిషం పోతుంది. మర్యాద మానేయమనడం లేదు. "అధ్యక్షులకు, సభకు నమస్కారం" అన్నా మర్యాదే.

సమయం తెగ్గోస్తారని ముందే తెలుసు కాబట్టి ఎనిమిది నిమిషాల వరస కూడా కాగితం మీద రాసుకోండి: ఏ స్లైడ్లు దూకేయాలో వాటి నంబర్లతో సహా. పవర్‌పాయింట్ స్లైడ్ షో నడుస్తున్నప్పుడు స్లైడ్ నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికి పోతుంది. ఇరవై స్లైడ్లను టకటకా నొక్కుతూ "ఇది వద్దు, ఇది వద్దు" అంటూ అందరి కళ్లముందూ పరిగెత్తక్కర్లేదు.

తెర మీద ఏముండాలి

స్లైడ్ శీర్షిక ఎంత ముఖ్యమో చెప్పడానికి కల్పనా చావ్లా ఉన్న కొలంబియా నౌక ఉదంతం కన్నా బరువైన ఉదాహరణ లేదు. 2003 జనవరి 16న అది ఎగిరిన కాసేపటికే ఇంధన ట్యాంకు మీది ఫోమ్ ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. నౌక కక్ష్యలో ఉండగానే ఇంజనీర్లు నష్టాన్ని అంచనా వేసి నాసా అధికారులకు స్లైడ్లలో చూపించారు. కీలకమైన స్లైడ్ శీర్షిక, పరీక్షల దత్తాంశాలను బట్టి భయపడాల్సింది లేదన్న భావం కలిగించేలా ఉంది. కింద, చిన్న అక్షరాల్లో, బులెట్ల లోపలి బులెట్లలో అసలు సంగతి ఉంది: పరీక్షల్లో వాడిన ముక్క పరిమాణం మూడు ఘనపుటంగుళాలు, నౌకకు తగిలినట్టు అంచనా వేసినది 1920 ఘనపుటంగుళాలు. అంటే 640 రెట్లు. ఆ పరీక్షలు ఈ సందర్భానికి వర్తించవనే కదా దానర్థం. శీర్షిక చదివి ధైర్యం తెచ్చుకున్నవాళ్ల కన్ను ఆ ఆఖరి వరసదాకా పోలేదు. ఫిబ్రవరి 1న భూవాతావరణంలోకి తిరిగొస్తూ నౌక ముక్కలైంది, ఏడుగురూ చనిపోయారు. ప్రమాదానికి కారణం స్లైడ్ కాదు, ఫోమే. కానీ విచారణ సంఘం తన నివేదికలో ఆ స్లైడ్‌ను ప్రత్యేకంగా చూపించింది, సాంకేతిక నివేదికల స్థానంలో స్లైడ్లు వాడే అలవాటును తప్పుపట్టింది.

మన సెమినార్లలో ప్రాణాలేమీ పోవు. పాఠం మాత్రం అదే. "ఫలితాలు" అన్న శీర్షిక ఏమీ చెప్పదు. "జీతం ఆగిన మూడు నెలల్లోపు ప్లాంటు ఆగింది" అని పూర్తి వాక్యం పైన పెట్టి, కింద దాన్ని రుజువు చేసే ఒకే ఒక్క బొమ్మ పెడితే, మీ గొంతు వినపడని చివరి వరసవాళ్లకు కూడా విషయం అందుతుంది. అమెరికాలో మైకేల్ ఆలీ అనే ఇంజనీరింగ్ ఆచార్యుడు ఏళ్ల తరబడి ప్రచారం చేస్తున్న పద్ధతి ఇదే: పైన వాదన, కింద సాక్ష్యం, బులెట్లు వద్దు. ఇందులో ఇంకో లాభం ఉంది. కేవలం శీర్షికలు వరసగా చదివితే ప్రసంగం మొత్తం అర్థం కావాలి. కాకపోతే ఎక్కడ తెగిందో అక్కడే దొరికిపోతుంది.

తెర మీదున్న పేరాను అక్షరం పొల్లుపోకుండా చదవడం మన దగ్గర పెద్ద రోగం. అది సోమరితనమే కాదు, నష్టం కూడా. బొమ్మ చూపిస్తూ నోటితో చెబితే అర్థమైనంతగా, బొమ్మతోపాటు అవే మాటలు తెర మీద కూడా పెట్టి చదివితే అర్థం కాదని రిచర్డ్ మేయర్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త బృందం ప్రయోగాల్లో తేలింది. చదువుకునే వేగం ఒకటి, వినే వేగం ఒకటి. రెండూ పోట్లాడుకుంటాయి.

పట్టికల గురించి ఎక్కువ చెప్పను. "ఇది సరిగా కనపడకపోవచ్చు గానీ" అని మీరు చెప్పాల్సి వస్తోందంటే ఆ పట్టిక అక్కడ ఉండకూడదు. ఎరుపు, ఆకుపచ్చ గీతలను తేడా కోసం వాడకండి, ఆ రెండూ ఒకేలా కనిపించేవాళ్లు సభలో ఉండొచ్చు. అందం మీద అతిగా సమయం పెట్టకండి. 2012 జూలై 4న జెనీవా దగ్గరి కణ భౌతిక పరిశోధన సంస్థ సెర్న్ శాస్త్రవేత్తలు హిగ్స్ బోసాన్ లాంటి కణం దొరికిందని ప్రకటించినప్పుడు, వాళ్లలో అట్లాస్ అనే బృందం స్లైడ్లు కామిక్ శాన్స్ అక్షరాల్లో ఉన్నాయి. పిల్లల పుట్టినరోజు కార్డుల్లో వాడే అక్షరాలవి. ఇంటర్నెట్ అంతా నవ్వింది. అలాంటి కణం ఉంటుందని ఎప్పుడో ఊహించి చెప్పిన పీటర్ హిగ్స్ మాత్రం ఆ సభలో కూర్చుని కళ్లు తుడుచుకున్నారు.

తెలుగులో స్లైడ్లు చేసేవాళ్లకు మాత్రం అక్షరాల సంగతి నిజంగా ముఖ్యం. అను ఫాంట్లలో టైపు చేసిన ఫైల్ ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి గీతలు వస్తాయి. తెలుగు శాఖల సదస్సుల్లో ఇది ఇప్పటికీ చూస్తాం. యూనికోడ్‌లో చేసుకోండి, దానికి తోడు పీడీఎఫ్ నకలొకటి పెన్‌డ్రైవ్‌లోనూ మెయిల్‌లోనూ ఉంచుకోండి. తెలుగుకు పైన గుడులు, కింద వత్తులు. వరసల మధ్య ఎడం చాలకపోతే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద ఎక్కి కూర్చుంటాయి. ఇంగ్లిష్‌లో ఎనిమిది వరసలు పట్టే చోట తెలుగులో ఐదుకు మించి పెట్టకపోవడం మంచిది.

గొంతు, టెన్షన్, భాష

కాళ్లు వణుకుతాయి, నోరెండుతుంది. దీన్ని పూర్తిగా పోగొట్టే చిట్కా ఎవరి దగ్గరా లేదు. అయితే ఒక ఊరట ఉంది. మన కంగారు ఎదుటివాళ్లకు మనమనుకున్నంతగా కనపడదు. కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే పరిశోధకులు 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఈ సంగతి ముందే చెప్పిన విద్యార్థులు చెప్పనివాళ్లకంటే మెరుగ్గా మాట్లాడారు. కాబట్టి "సారీ, కొంచెం నర్వస్‌గా ఉంది" అని మీరే బయటపెట్టుకోకండి. చెప్పేదాకా ఎవరికీ తెలియదు. లేజర్ పాయింటర్ ఒక్కటే మనల్ని పట్టిస్తుంది, చేతి వణుకును పదింతలు చేసి తెర మీద చూపిస్తుంది. దానికన్నా స్లైడ్‌లోనే బాణం గుర్తు పెట్టుకోవడం నయం.

మొత్తం బట్టీ పట్టడం ప్రమాదం. ఒక మాట మరిస్తే ఆ వెనకవన్నీ పోతాయి. మొదటి మూడు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు మాత్రం కంఠతా రావాలి. మొదటి అర నిమిషం గడిస్తే గొంతు దానంతటదే సర్దుకుంటుంది. చివరివి ఎందుకంటే, బెల్ కొట్టినప్పుడు "అంతేనండీ, ఇంకేం లేదు" అంటూ దిగిపోకుండా ఉండటానికి.

తెలుగులో మాట్లాడేవాళ్లు ఒక్క విషయం ప్రత్యేకంగా గమనించుకోవాలి. మన వాక్యంలో అసలు సంగతి చివర్లో ఉంటుంది. అయిందో కాలేదో, తగ్గిందో తగ్గలేదో ఆఖరి మాటలోనే తేలుతుంది. ఊపిరి అయిపోయేదీ, గొంతు దిగిపోయేదీ కూడా అక్కడే. "పటిక మోతాదు పెంచినా ఫ్లోరైడ్ ఆశించినంత తగ్గ..." దగ్గర గొంతు నీరసిస్తే సభకు సగం మాత్రమే వినపడుతుంది. అందుకే వాక్యాలు చిన్నవి చేసుకోవాలి, చివరి మాట మీద గొంతు నిలపాలి. "చేసి, చూసి, పరిశీలించి, విశ్లేషించిన మీదట" అంటూ సాగే వాక్యం కాగితం మీద బాగుంటుంది. చెవికి మాత్రం క్రియ కోసం ఎదురుచూపు మిగులుతుంది.

తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్‌లో మాట్లాడాల్సినవాళ్ల కష్టం వేరు. వాళ్లు సాధారణంగా చేసేది పేపర్‌లోని వాక్యాలను అలాగే చదివేయడం. ఆ వాక్యాలు ఇంగ్లిష్ మాతృభాష అయినవాళ్లు కూడా నోటితో అనరు. ముందు విషయాన్ని తెలుగులో స్నేహితుడికి చెప్పండి. ఏ క్రమంలో చెప్పారో గమనించండి. ఆ క్రమాన్నే ఉంచి చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో చెప్పుకోండి. యాస గురించి దిగులు అనవసరం. మీ రంగంలో తరచూ వచ్చే పదాల ఉచ్చారణ మాత్రం ఒకసారి సరిచూసుకోండి, పదిహేను నిమిషాల్లో ఇరవైసార్లు పలకాల్సినవి అవి.

ప్రశ్నల వేళ

ప్రసంగం బాగా చెప్పినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. నాకు దీనికి మంచి పాఠశాల అష్టావధానం అనిపిస్తుంది. ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని అవధాని ఏకాగ్రతను పరీక్షిస్తారు. వాళ్లలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పనల్లా పద్యం మధ్యలో దూరి సంబంధంలేని మాటలతో దారి తప్పించడం. అవధాని కోప్పడడు, వాదనకు దిగడు, పట్టించుకోకుండానూ ఉండడు. ఒక్క మాటతో నవ్వించి పద్యం ఎక్కడ ఆగిందో అక్కడికి తిరిగొస్తాడు. ప్రతి సెమినార్ హాల్లోనూ ఇలాంటి పృచ్ఛకుడు ఒకరుంటారు, తన చిన్నప్పటి పరిశోధన గురించి మూడు నిమిషాలు చెప్పి ప్రశ్న అడగకుండానే కూర్చుంటారు. "మంచి సంగతి గుర్తుచేశారండీ, మీ పత్రం తప్పక చూస్తాను" అని తర్వాతి చేయి వైపు తిరగడమే మర్యాద.

అసలు ప్రశ్నలను మాత్రం ముందే ఊహించుకోవచ్చు. మన నల్గొండ స్కాలర్‌ను ఎవరైనా అడిగేది ఇది: "మిషన్ భగీరథ కింద నదీజలాలు ఇంటింటికీ వచ్చాక ఈ పాత ప్లాంట్లతో పనేంటి?" దీనికి జవాబు లేకుండా వేదిక ఎక్కకూడదు. జవాబు ప్రసంగంలో ఇరికించక్కర్లేదు. థాంక్యూ స్లైడ్ తర్వాత అదనపు స్లైడ్లుగా పెట్టుకుంటే చాలు. ఇందాక తీసేసిన పట్టికలన్నీ అక్కడికే వెళ్తాయి. "ఎక్స్‌టర్నల్ అడుగుతారు" అన్న గైడ్ మాటా నిలబడుతుంది, మీ పన్నెండు నిమిషాలూ నిలబడతాయి.

ప్రశ్న వినగానే జవాబు మొదలుపెట్టకండి. "మీరడుగుతున్నది ఇదే కదండీ" అని మీ మాటల్లో తిరిగి చెప్పండి. వెనకవాళ్లకు వినపడుతుంది, ఆలోచించడానికి మీకు పది సెకన్లు దొరుకుతాయి, అపార్థమైతే అక్కడే సరిపోతుంది. తెలియకపోతే తెలియదనండి. కానీ అక్కడితో ఆపకుండా ఎలా తెలుసుకోవచ్చో చెప్పండి: "ప్రైవేటు ప్లాంట్లు నేను చూడలేదండీ. వాటిని అదే జిల్లాలో ఇదే ప్రశ్నావళితో చూడొచ్చు." అలాంటి జవాబుకు మార్కులు తగ్గించే పరీక్షకులు అరుదు. లేని దత్తాంశాన్ని అల్లి చెప్పేవాళ్లను పసిగట్టడం మాత్రం వాళ్లకు రోజూ పనే.

ఒక్కోసారి అడిగే మనిషి నిజంగానే దెబ్బ కొట్టడానికి లేస్తాడు. 1935 జనవరి 11న లండన్‌లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశంలో ఇరవై నాలుగేళ్ల సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ తన పత్రం సమర్పించారు. ఒక హద్దు దాటిన బరువున్న నక్షత్రం శ్వేత కుబ్జంగా, అంటే ఇంధనం అయిపోయాక మిగిలే చిన్న, దట్టమైన నక్షత్రంగా, స్థిరపడలేదని దాని సారాంశం. వెంటనే లేచిన పేరుమోసిన ఖగోళ శాస్త్రవేత్త ఆర్థర్ ఎడింగ్టన్, నక్షత్రం ఇంత అసంబద్ధంగా ప్రవర్తించకుండా ఆపే ప్రకృతి నియమం ఏదో ఉండి తీరాలని ఎగతాళి చేశారు. సభ నవ్వింది. చంద్రశేఖర్‌కు జవాబు చెప్పే అవకాశం కూడా ఇవ్వకుండా అధ్యక్షులు తర్వాతి పత్రానికి వెళ్లిపోయారు. ఆయన ప్రసంగంలో లోపమేం లేదు, లెక్కలోనూ లేదు. వేదిక మీద గెలవడం ఆ రోజు సాధ్యం కాదు, అంతే. ఆయన ఆ వాదనను అచ్చులో కొనసాగించి, 1939లో పుస్తకంలో పెట్టి, వేరే అంశానికి మళ్లారు. 1983లో నోబెల్ వచ్చింది. కాబట్టి మొండిగా అడ్డం తిరిగేవాళ్లతో రెండోసారి జవాబు చెప్పాక మూడోసారి వాదించకండి. "ఇది లెక్కలతో వివరంగా మాట్లాడాల్సిన సంగతండీ, సమావేశం అయ్యాక కలుస్తాను" అనండి, నిజంగానే వెళ్లి కలవండి. టీ దగ్గర చాలామంది మెత్తబడతారు.

ఇంకో చిన్న పని. ప్రశ్నలు రాసుకునే బాధ్యత జూనియర్ ఒకరికి ముందే అప్పగించండి. జవాబు చెప్పే హడావిడిలో ప్రశ్న ఏమిటో మనకు గుర్తుండదు, అడిగినవాళ్ల పేరు అసలే గుర్తుండదు. ప్రీ సబ్మిషన్‌లో అయితే ఇది తప్పనిసరి, ఎందుకంటే ఆ రోజు వచ్చిన సూచనలను గైడ్‌తో కూర్చుని గ్రంథంలో చేర్చాకే సమర్పణ. ఆ కాగితం తెచ్చుకుని అదే సాయంత్రం చూడండి. ఇద్దరు ముగ్గురు ఒకే ప్రశ్న అడిగారంటే అది మీ గ్రంథంలో సరిగా రాయని చోటే అయ్యుంటుంది.